మగపిల్లాడు సత్యభామ వేషం వేయొచ్చా? వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సంగతి

ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి అడిగారు. కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. ఏడేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ శివుడో కృష్ణుడో వేశాడు కాబట్టి ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. ఇప్పుడు కాలేజీ ఉత్సవాల్లో భామాకలాపం, అంటే సత్యభామ కథ ఆడే కూచిపూడి నృత్యనాటకం, వేస్తూ సత్యభామ తానే కడతానని కూర్చున్నాడు. వాళ్ళమ్మ నాలుగు రోజులుగా వాడితో మాట్లాడటం లేదట. "వేదాంతం సత్యనారాయణ శర్మ గారు వేయలేదా?" అని పిల్లాడు ఎదురు ప్రశ్న వేస్తున్నాడట. ఇంతకీ ఆయన ఎవరు, ఆడవేషాలు కట్టి ఆయన బతుకు ఎలా గడిచింది, ఆడపిల్లలే ఇంతమంది నాట్యం చేస్తుంటే మగవాడు ఇంకా ఆ వేషం వేయాల్సిన అవసరం ఏముంది? ఇవీ ఆయన అడిగినవి.

నా సంగతి ముందు చెప్తాను, నా మాటకు ఎంత విలువివ్వాలో మీరే తేల్చుకోవచ్చు. కుర్రతనంలో పౌరాణిక నాటకాల్లో ఆడవేషాలు కట్టాను. చంద్రమతి, ద్రౌపది, చిత్రాంగి. కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల తిరునాళ్ళలో నేను తిరగని ఊరు తక్కువ. తర్వాత కూచిపూడి నేర్చుకుని ముప్పై ఏళ్ళుగా కర్నూలులో పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. శర్మ గారి శిష్యుణ్ణి కాను. ఆయన సత్యభామను రెండుసార్లు చూశాను, అంతే. ఆ రెండుసార్లలో నేర్చుకున్నదే ఇప్పటికీ పిల్లలకు చెప్తున్నాను.

ఆయన 1935లో కృష్ణా జిల్లా కూచిపూడిలో పుట్టారు. వేదాంతం వారిది భాగవతుల ఇల్లు, అంటే తరతరాలుగా ఈ ఆట ఆడే కుటుంబం. ఆ ఊళ్ళో మగపిల్లాడికి అక్షరాలతో పాటే అడుగులు కూడా వచ్చేవి. మొదటి గురువు అన్నగారు, వేదాంతం ప్రహ్లాద శర్మ. భామాకలాపం రాశాడని చెప్పుకునే సిద్ధేంద్రయోగి ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల చేత ఒక ఒట్టు వేయించుకున్నాడని చెప్తారు: పుట్టిన ప్రతి మగవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలి. అంటే మీ అబ్బాయి ఇవాళ ఇంట్లో గొడవపడి వేస్తానంటున్న వేషం, అక్కడ వేయకపోతే తప్పు. అందరూ ఒకసారి కట్టి మొక్కు తీర్చుకుంటే, శర్మ గారు బతుకంతా అదే కట్టారు. ఉషాపరిణయంలో ఉష, గొల్లకలాపంలో గొల్లభామ, శశిరేఖ, మోహిని, విప్రనారాయణలో దేవదేవి కూడా ఆయన వేసినవే. కానీ జనం పేరు పెట్టి పిలుచుకున్నది సత్యభామతోనే.

ఆయన వయసుకు వచ్చిన కాలం కూడా అలాంటిది. అప్పటిదాకా కూచిపూడి భాగవతులంటే ఊరూరా తిరిగి రాత్రంతా ఆడే మేళాలు. పెట్రోమాక్సు లైట్లు రాకముందు దివిటీల వెలుగు. పాత్ర వచ్చేటప్పుడు ఆ దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని మంట లేచేది. ఇద్దరు మనుషులు పట్టుకున్న గుడ్డే తెర. అలాంటి ఆటను శాస్త్రీయ నృత్యం అనొచ్చా అన్న వాదన 1958లో ఢిల్లీలో జరిగిన నృత్య సదస్సులో గట్టిగా నడిచింది. మరుసటి సంవత్సరం హైదరాబాదులో కూచిపూడి మీదే ప్రత్యేకంగా సదస్సు పెట్టి మనవాళ్ళు జవాబు చెప్పుకున్నారు. ఏలూరు నుంచి బందా కనకలింగేశ్వరరావు గారు, ఆయనే పెద్ద నటుడు, వకీలు కూడా, ఈ కళను నిలబెట్టడానికి చాలా తిరిగారు. వాదన చేసేవాళ్ళు శాస్త్రం చూపించగలరు. రంగం మీద చూపించడానికి ఒక మనిషి కావాలి కదా. 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు కూచిపూడికి వచ్చినప్పుడు అది సత్యనారాయణ శర్మ గారికి వచ్చింది. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు. 1970లో పద్మశ్రీ. తర్వాత మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే కాళిదాస్ సమ్మాన్. 2012 నవంబరు 16న పోయారు. అదే సంవత్సరం జూలైలో ఇంకో పెద్ద కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారు పోయారు. ఆ ఏడాది మా క్లాసులో రెండు ఫోటోలకు దండలు వేశాం.

ఆయన్ని ఆడమనిషే అనుకుని పేరంటాళ్ళు బొట్టు పెట్టారని, గ్రీన్‌రూమ్‌లో ఎవరో పొరబడ్డారని కథలు చాలా వింటారు. ఆడవేషం వేసిన ప్రతి పేరున్న నటుడి మీదా ఈ కథలే ఉన్నాయి. స్థానం నరసింహారావు గారి మీదా చెప్తారు. నాకవి పెద్దగా రుచించవు. జనాన్ని మోసం చేయగలగడమే గొప్ప అయితే మంచి మేకప్‌మన్ ఉంటే చాలు. శర్మ గారి ఎదురుగా కూర్చున్నవాళ్ళందరికీ ఆయన మగవాడని తెలుసు. టికెట్ మీద పేరు కూడా ఉంది. తెలిసీ, పది నిమిషాల తర్వాత ఆ సంగతి ఎవరికీ గుర్తు లేకపోవడం వేరే విషయం.

నేను మొదటిసారి చూసినప్పటికి ఆయనకు యాభై దాటాయి. శరీరం కాస్త బరువెక్కింది. తెర పట్టారు. తెర మీద నుంచి జడ ఇవతలికి పడింది. భామాకలాపంలో ఈ జడ మామూలు జడ కాదు. సూర్యుడు, చంద్రుడు, నాగు పడగ, కింద దాకా అలంకారం, అదంతా కలిస్తే చాలా బరువు. నాతో సమానంగా ఆడగలిగినవాడు ఉంటే ముందుకొచ్చి ఈ జడ కోయండి అని సవాలు. అది చూస్తూ నేను మనసులో నవ్వుకున్నాను, ఈ వయసులో ఏం సవాలులే అని. తర్వాత తెర తీశారు. "భామనే సత్యభామనే" అంటూ ప్రవేశ దరువు, అంటే పాత్ర రంగం మీదకు వచ్చే పాట, మొదలైంది. ఆయన అడుగు తీసి అడుగు వేసేలోపే నా నవ్వు పోయింది.

అప్పుడు నేను గమనించింది నడుము కాదు, ముఖం కాదు. మోచేతులు. మగవాడు నిలబడితే మోచేతులు తెలియకుండానే ఒంటికి దూరంగా జరుగుతాయి. మేం నాటకాల్లో ఆడవేషం అనగానే నడుము తిప్పడం, కొంగు సర్దుకోవడం, చూపుడువేలు చెంపకు ఆనించడం ఇవే చేసేవాళ్ళం. ఆయన మోచేతులు ఒంటిని వదల్లేదు. కొంగును ముట్టుకోలేదు. తల తిప్పే ముందు చూపు తిరిగేది, చూపు తర్వాత మెడ, మెడ తర్వాత భుజం. ఈ వరుస తప్పితే మగతనం బయటపడిపోతుంది. అంతా ఒకేసారి తిప్పేవాడు సైనికుడిలా ఉంటాడు. దీన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆ రాత్రి కుర్చీలో కూర్చుని పట్టుకున్నాను.

ఇంకో సంగతి గొంతు. కూచిపూడిలో పాత్రధారి నోరు విప్పి పాడాలి, మాట్లాడాలి. దీన్నే వాచికం అంటాం. ఇప్పుడు చాలామంది రికార్డింగ్ పెట్టుకుని పెదాలు కదిలిస్తున్నారు, సరే, అదో పెద్ద గోల, ఇక్కడ వద్దు. మగవాడు గొంతు సన్నం చేసి కీచుగా మాట్లాడితే సత్యభామ కాస్తా సినిమా కామెడీ అయిపోతుంది. మీ అబ్బాయి గొంతు మార్చాల్సిన పని లేదు. మాట చివర వదిలే తీరు మారితే చాలు. చెలికత్తె మాధవితో మాట్లాడేటప్పుడు సత్యభామ సగం మాట పలికి మిగతా సగం కళ్ళకు వదిలేస్తుంది. భర్త పేరు నోటితో చెప్పడానికి సిగ్గుపడే ఘట్టం ఉంది చూడండి, మాధవి పట్టుబట్టి అడుగుతుంది, ఈమె చుట్టూ తిప్పుతుంది. ఆ పది నిమిషాల్లో నాట్యం ఎంత తెలుసో బయటపడదు, మనుషుల్ని ఎంత గమనించాడో బయటపడుతుంది. తర్వాత విరహం, లేఖ. గర్వంగా వచ్చిన మనిషి ఉత్తరం రాసేసరికి కూలబడిపోవాలి. మొదట్లో గర్వం ఎంత ఎత్తున ఉంటే ఈ పడటం అంత తెలుస్తుంది. శర్మ గారు రాజీ పడనిది అక్కడే. ఆయన సత్యభామ జాలి పుట్టించేది కాదు. ఏడుస్తున్నప్పుడు కూడా ఆమె సత్రాజిత్తు కూతురే.

మా నాటకాల బతుకు వేరు. మొదట్లో నాకు మేకప్ అంటే ముఖానికి అర్దళం అనే పచ్చటి పొడి, కళ్ళకు కాటుక, పెదాలకు ఎరుపు. అంతే. ఒక తిరునాళ్ళలో ద్రౌపది కట్టాను. వస్త్రాపహరణం సీనులో సవరం ఊడి కింద పడింది. జనంలో నుంచి ఒకడు "ఏమక్కా, జడ యాడ పారేసుకుంటివి?" అన్నాడు. ఊరు ఊరంతా నవ్వింది. కృష్ణుడి వేషం వేసిన ఆయన కూడా నవ్వాడు, అదే నాకు ఎక్కువ బాధేసింది. కాంట్రాక్టరు ఆ రాత్రి నాకు సగం డబ్బులే ఇచ్చాడు. నేను వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. అప్పుడు మా జట్టులో హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరు ఇంటికొచ్చి చెప్పారు: సవరం ఊడినందుకు నవ్వలేదురా, అది ఊడగానే నువ్వు మగవాడిలా వంగి తీసుకున్నావు, అందుకు నవ్వారు. ఆయన చెప్పింది నిజం. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము వంచి, సైకిలు తాళం పడితే తీసుకున్నట్టు తీసుకున్నాను. అప్పటినుంచి వేషం కట్టాక దించేదాకా గ్రీన్‌రూమ్‌లో కూడా కాలు మీద కాలు వేసుకోలేదు.

మూడో ప్రశ్నకు వస్తాను, మన ప్రాంతంలో అది ఇంకా గట్టి ప్రశ్న. ఎందుకంటే ఆడవేషం ఆడవాళ్ళే వేయాలని రాయలసీమ చాలా ముందే చెప్పింది. మీ కడప జిల్లాలోనే చక్రాయపేట దగ్గర సురభి ఊరుంది, అప్పట్లో సొరుగు అనేవారు. 1885లో అక్కడ తోలుబొమ్మలాడించే కుటుంబాలవాళ్ళు కీచకవధ నాటకం వేశారు. వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన ఆ జట్టులో కుటుంబం మొత్తం నటులే, ఇంటి ఆడవాళ్ళే ఆడవేషాలు వేసేవాళ్ళు. ఇక తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ గారు, వకీలు, మహానటుడు, మగవాడు ఆడవేషం వేయడాన్ని ఒప్పుకోలేదు. చదువుకున్న ఆడవాళ్ళను వెతికి రంగం మీదకు తెచ్చారు. ఆయన నాటకం సహజ నటన మీద నడిచేది, ఇంట్లో మనుషులు మాట్లాడుకున్నట్టు. అలాంటి నాటకంలో పక్కన గడ్డం గీసుకున్న భార్య నిలబడితే ఎంత బాగా చేసినా అతకదు. రాఘవ గారు చెప్పింది వాళ్ళ నాటకానికి నూటికి నూరుపాళ్ళూ నిజం.

కూచిపూడి అలా నడవదు. అక్కడ ఎవరూ ఇంట్లో ఉన్నట్టు ఉండరు. తలుపు లేదు, కిటికీ లేదు, మాధవి పాత్ర వేసే సూత్రధారుడు మగ పంచెకట్టుతోనే చెలికత్తె అయిపోతాడు, ఎవరికీ అభ్యంతరం లేదు. అంతా పట్టుకున్న ముద్రలో, వేసిన అడుగులో, పలికిన మాటలో ఉంటుంది. కాబట్టి సత్యభామను ఆడది వేసినా మగవాడు వేసినా ఇద్దరూ తయారు చేయాల్సిందే, ఎవరికీ పుట్టుకతో రాదు. ఆడపిల్లల్ని ఆ ఊరి ఆటలోకి రానివ్వకపోవడం మాత్రం మంచి పని కాదని నా అభిప్రాయం. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి లాంటివాళ్ళు ఆ గీత దాటి ఆడవాళ్ళకు నేర్పారు కాబట్టే మన మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి గారు కూచిపూడిని ప్రపంచానికి చూపించారు. చినసత్యం గారి శిష్యురాలు శోభానాయుడు గారి సత్యభామ చూసినవాళ్ళు శర్మ గారితో పోల్చి గంటలు గంటలు కొట్లాడుకునేవాళ్ళు. నేను ఆ కొట్లాటలో రెండు వైపులా ఉన్నాను, రోజును బట్టి.

మరి మగవాడు ఎందుకు వేయాలంటే, వేయాలి అని నేననను. వేయొచ్చు అంటాను. తనది కాని మనసును తన ఒంట్లోకి తెచ్చుకోవడం నటుడికి దొరికే పెద్ద పరీక్ష. ఆ పరీక్ష రాస్తానని ఒక పిల్లాడు తనంతట తాను వస్తే వద్దనడం ఎందుకు? ఇప్పటికీ వేసేవాళ్ళున్నారు. ఒంగోలు నుంచి వచ్చిన హలీం ఖాన్ గారు కూచిపూడిలో ఆడవేషంతోనే పేరు తెచ్చుకున్నారు.

వాళ్ళమ్మగారికి చెప్పడానికి ఇంకో కథ ఉంది, అది మీ జిల్లాదే. ఇంగ్లీషువాళ్ళ కాలంలో కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ళ చరిత్రల్లో, మాచుపల్లి కైఫీయతు ఒకటి. శ్రీకృష్ణదేవరాయలకు ముందు విజయనగరాన్ని ఏలిన వీరనరసింహరాయల కాలం నాటి సంగతి అందులో ఉంది. సిద్ధవటం సీమను సమ్మెట గురవరాజు ఏలేవాడు. డబ్బు కట్టలేని ఇళ్ళలో ఆడవాళ్ళను చెప్పుకోలేని హింసలు పెట్టి రాబట్టేవాడు. అటుగా వచ్చిన కూచిపూడివాళ్ళు అది చూశారు. గప్‌చుప్‌గా మేళం సర్దుకుని విజయనగరం వెళ్ళారు. రాయల ఎదుట కేళిక పెట్టారు. ఒకడు గురవరాజు అయ్యాడు, కొందరు అతని భటులయ్యారు, ఒకడు ఆడవేషం కట్టి ఆ హింస పడ్డ స్త్రీ అయ్యాడు. రాజు చూసి, ఇదేం ఆట అని అడిగి, నిజం తెలుసుకుని సైన్యాన్ని పంపాడు. గురవరాజు తల పోయింది. కూచిపూడివాళ్ళ గురించి మనకు దొరికే పాత ఆధారాల్లో ఇదొకటి. పెన్న ఒడ్డున ఉన్న మన ఆడవాళ్ళ ఏడుపును హంపీ దాకా మోసుకెళ్ళింది ఆడవేషం కట్టిన మగవాడే. ఆయన పేరు ఎక్కడా లేదు.

బతుకు ఎలా గడిచింది అన్నారు కదా, దానికి దాపరికం లేకుండా చెప్తాను. శర్మ గారికి గౌరవం వచ్చింది, పేరు వచ్చింది, శిష్యులు దొరికారు. కానీ లక్షలో ఒకరికి దక్కింది చూసి లెక్కలు వేసుకోకూడదు. ఆ తరం భాగవతుల్లో చాలామందికి పక్కన కాస్త పొలమో పౌరోహిత్యమో లేకపోతే ఇల్లు గడిచేది కాదు. కొందరు మద్రాసు వెళ్ళి సినిమాలు చూసుకున్నారు. వేదాంతం రాఘవయ్య గారు ఆ ఊరి నుంచే వెళ్ళి పెద్ద దర్శకులయ్యారు, 1953 నాటి దేవదాసు ఆయనదే. సత్యనారాయణ శర్మ గారు రంగాన్ని పట్టుకునే ఉన్నారు. మీ అబ్బాయి డిగ్రీ మానేసి ఇదే వృత్తి చేసుకుంటానంటే నేనే ముందు వద్దంటాను. నాకు కూడా నాటకాల డబ్బుతో ఇల్లు నడవలేదు, పాఠాలతో నడిచింది. కానీ వాడు అడుగుతున్నది ఒక్క వేషం. దానికింత టెన్షన్ అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి. నవ్వించడానికి వేస్తున్నాడా, నిజంగా కట్టడానికా? కాలేజీ స్టేజీల మీద మగపిల్లలు చీర కట్టి వెకిలిగా తిరిగితే ఈలలు పడతాయి, ఆ ఈలలకు అలవాటు పడ్డ పిల్లాడు ఇక సత్యభామ దగ్గరికి రాలేడు. నిజంగా కట్టడానికే అయితే ఇప్పటినుంచే ఇంట్లో రోజూ గంటసేపు చీర కట్టుకుని మామూలు పనులు చేయమనండి. నాట్యం కాదు, పనులు. బిందె ఎత్తడం, మెట్లెక్కడం, కింద పడ్డది తీయడం. కుచ్చెళ్ళు అడుగు పొడవు ఎంతో వాడికి నేర్పుతాయి. మూడో రోజుకు నడక దానంతటదే చిన్నదవుతుంది. అద్దం ముందు చేయనివ్వకండి, అద్దం చూసుకుంటే ముఖం ఒక్కటే అందంగా తయారవుతుంది, వీపు మగవాడిదే ఉండిపోతుంది. సత్యభామ పరిచయమయ్యేది వీపుతో, జడతో. చప్పట్లు రావాలంటే వీపు నేర్చుకోవాలి.

ఆ జడ గురించి చివరగా. అద్దెకు తెచ్చేవాటికి పిన్నులు సరిగా ఉండవు, గుండు సూదులతో సరిపెట్టేస్తారు. మగపిల్లాడి పొట్టి జుట్టుకు ముందు గట్టిగా గుడ్డ కట్టి, దాని మీద సవరం కుట్టి, ఆ మీద జడ వేయాలి. మేకప్‌వాళ్ళకు హడావిడిలో అంత ఓపిక ఉండదు. నా సవరం ఊడిన రాత్రి నా జడ వేసింది ఒక మేకప్ కుర్రాడే. ఆ రోజు మీ ఆవిడను గ్రీన్‌రూమ్‌లోకి పంపి జడ ఆమె చేతనే వేయించండి. ముందు ఒప్పుకోరు. సూది దారం ఇచ్చి పంపండి, అక్కడ వాడి తల మీద ఆ వంకర జడ చూశాక ఊరుకోలేరు.